ఆరోగ్యవరము: క్షయ క్రిమిని వెదకుతూ ఊళ్లలోనికి

మదనపల్లె అనగానే ఈ తరము వారికి టమోటా మార్కెట్ గుర్తుకు వస్తుంది. కొంచెం చదువుకున్నవారికి 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి థియొసాఫికల్ కళాశాలలో బస చేసి జనగణమనను ఆంగ్లములోనికి మార్చిన సంగతి తెలిసియుంటుంది. అయితే ఆ పట్టణమునకు కొద్ది మైళ్ల దూరములో ఉన్న ఆరోగ్యవరము ప్రపంచ వైద్య చరిత్రలో చోటు సంపాదించిన స్థలమని మన సంఘములలో ఎందరికి తెలుసు? అది మిషన్లు కట్టిన ఆసుపత్రి. దాని చరిత్రను మనము జయంతి సంచికలలో పొగడ్తగా మాత్రమే వ్రాసుకున్నాము. ఆ ఆసుపత్రి తాను ఏ నమ్మకము మీద కట్టబడిందో ఆ నమ్మకమునే తన పరిశోధనతో సరిచేసుకొనవలసి వచ్చింది. కాపరులమైన మనకు పనికివచ్చే భాగము అదేనని నా అభిప్రాయము.

ముందుగా క్రిమిని గూర్చి. బాక్టీరియా అన్నీ శత్రువులు కావు. మన పేగులలోను, చర్మము మీదను, మన పొలముల మట్టిలోను లెక్కలేనన్ని ఉన్నాయి. పాలు పెరుగయ్యేది వాటివల్లనే. కొన్ని మాత్రము రోగము తెస్తాయి. మురికి నీటిలో వచ్చే కలరా, టైఫాయిడ్, చర్మము మీద సెగగడ్డలు, ఊపిరితిత్తులకు న్యుమోనియా, పిల్లలకు గొంతునొప్పిగా మొదలై కొందరిలో గుండె కవాటములను పాడుచేసే కీళ్లవాత జ్వరము ఈ కోవలోనివే. 1860లలో మదనపల్లెలో పరిచర్య ప్రారంభించిన ఆర్కాట్ మిషన్ వైద్యుడు జేకబ్ చేంబర్లేన్ గారు ఈ రోగములకు మందులిచ్చారు గాని వాటికి కారణమైన క్రిములను ఆనాడు ఎవరూ ఎరుగరు. తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షుడుగా మనము ఎరిగిన చేంబర్లేన్ గారే ఈయన. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు.

క్షయ క్రిమిని జర్మనీ వైద్యుడు రాబర్ట్ కోహ్ 1882 మార్చి 24న లోకమునకు తెలియజేశారు. ఇది సన్నని కడ్డీ వంటి క్రిమి. దాని చుట్టూ మైనము వంటి పొర ఉండుటవలన మామూలు రంగులు పట్టవు. ఒకసారి ఎర్ర రంగు పట్టితే ఆమ్లముతో కడిగినా పోదు. కఫ పరీక్షలో సూక్ష్మదర్శిని క్రింద ఎర్రని గీతలుగా కనబడేది ఇందుకే. పేగులలోని సాధారణ క్రిమి ఇరవై నిమిషములలో రెండుగా చీలితే దీనికి దాదాపు ఒక దినము పడుతుంది. ఈ నిదానమే దాని బలము. రోగము మెల్లగా వస్తుంది, మందు నెలల తరబడి మ్రింగవలసి వస్తుంది. క్రిమి ఒంటిలో చేరినవారందరు రోగులు కారు. నూరుమందిలో ఐదు నుండి పదిమందికే జీవితకాలములో ఎప్పుడో రోగము బయటపడుతుంది. తిండి చాలనివారు, మధుమేహము, హెచ్.ఐ.వి. ఉన్నవారు, రాతి ధూళి పీల్చేవారు ఎక్కువగా లోబడతారు. కుప్పం ప్రాంతపు గ్రానైట్ క్వారీలలోను, కోలారు బంగారు గనులలోను పనిచేసిన కుటుంబములు మన సంఘములలో ఉన్నాయి గనుక ఈ చివరి మాట మనకు దూరపుది కాదు.

ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభములో ఈ రోగమునకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, అంతే. ఐరోపాలో కొండల మీద శానిటోరియములు కట్టారు. డెన్మార్క్ దేశపు మిషనెరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ గారి నాయకత్వములో పలు మిషన్లు చేతులు కలిపి 1912లో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియమును స్థాపించాయి. 1915 నుండి ఆరోగ్యవరములో రోగులను చేర్చుకున్నారు. సిద్ధాంతములలో ఒకరితో ఒకరికి సరిపడని మిషన్లు ఒక రోగము విషయములో ఒక్కటి కాగలిగాయి! 'యూనియన్' అనే ఆ మాటను నేను తేలికగా దాటలేను. సముద్రమట్టమునకు రెండు వేల అడుగులకు పైగా ఎత్తున ఉన్న పొడి గాలి గల ప్రదేశమని మదనపల్లెకు పేరు.

గాలి మార్పుతో కొందరు కోలుకున్నారు, చాలామంది కోలుకోలేదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారి తమ్ముడు నిత్యానందను గాలి మార్పు కొరకు 1922లో కాలిఫోర్నియాలోని ఓహై లోయకు తీసుకొనిపోయారు. డబ్బుకు, శ్రద్ధకు కొదువ లేదు. 1925లో ఆయన అక్కడే క్షయతో మరణించారు.

శానిటోరియము వెనుక ఒక ఊహ ఉన్నది. రోగము పట్టణపు ఇరుకులో పుడుతుంది, రోగిని ఇంటినుండి వేరుచేసి మంచి గాలిలో ఉంచితే అతనికీ మేలు, ఇంటివారికీ మేలు అని. ఆ ఊహ చెడ్డది కాదు. కాని వేరుచేయుట అనే మాట మన ఊళ్లలోనికి వచ్చేసరికి వెలివేయుటగా మారింది. క్షయ ఉన్న ఇంటి పిల్లకు సంబంధము రాదు, కంచము వేరు, గ్లాసు వేరు. ద్వితీయోపదేశకాండము 28:22లో క్షయరోగము శాపముల వరుసలో ఉన్నదని చూపించి రోగి పాపమును వెదకిన బోధకులను నేను ఎరుగుదును. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము వారి బైబిలులో లేదా అని అడగాలనిపిస్తుంది.

మలుపు 1948లో వచ్చింది. ఫ్రాన్స్‌లోని లీల్ నగరములో కాల్మెట్, గెరాన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు పదమూడు సంవత్సరములు పెంచి బలహీనపరచిన పశువుల క్షయ క్రిమితో బి.సి.జి. టీకాను తయారుచేశారు, 1921లో మొదటిసారి మనుష్యులకు ఇచ్చారు. మన దేశములో ఆ టీకా 1948 ఆగస్టులో మొట్టమొదట మదనపల్లెలోనే వేయబడింది. (పశువుల క్షయ పచ్చి పాల ద్వారా మనుష్యులకు సోకగలదు. పొట్టి ఆవులకు పేరుపొందిన పుంగనూరు సీమలో మన అమ్మలు పాలు పొంగనిచ్చి గాని పిల్లలకు పోయరు. కోహ్ గారిని ఎరుగకుండానే వారు చేసిన మేలు ఇది.) టీకా అందరికీ నచ్చలేదు. 1955లో రాజాజీ అంతటివారు దీనిని బహిరంగముగా ఎదిరించారు.

టీకా వేసి ఊరుకొనక ఆరోగ్యవరము వారు ఊళ్లలోనికి బయలుదేరారు. ఫ్రిమోట్ మోలర్ గారి కుమారుడు యోహానెస్, ఆయన సహచరులు మదనపల్లె పట్టణములోను చుట్టుపక్కల పల్లెలలోను ఇంటింటికి వెళ్లి మనుష్యులను లెక్కించి, చర్మ పరీక్షలు చేసి, ఎక్స్‌రేలు తీసి, కఫము పరీక్షించారు. 1950 నుండి 1955 వరకు జరిగిన ఈ పని నివేదిక 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడింది. ఆసుపత్రి గేటు దగ్గర కూర్చుని వచ్చిన రోగిని చూచుట వేరు, రాని రోగిని వెదకుట వేరు. పల్లెలలో క్షయ కొద్దిగానే ఉన్నదనే భ్రమ ఇటువంటి సర్వేలతో పోయింది; 1955-58 మధ్య జరిగిన జాతీయ సర్వే కూడా పట్టణములలో ఉన్నట్టే పల్లెలలోను ఉన్నదని తేల్చింది. అన్ని లక్షల రోగులకు సరిపడే పడకలు ఏ మిషనూ, ఏ ప్రభుత్వమూ కట్టలేదు.

టీకా సంగతి ఇంకా ఆలోచింపజేసేది. టీకా వేసినవారిని, వేయనివారిని పోల్చుతూ 1950లో మొదలైన పరిశీలన ఫలితములు 1964లోను, 1973లోను ప్రచురించారు. రక్షణ కొంత ఉన్నది గాని ఆశించినంత లేదు. తరువాత 1968లో చెంగల్పట్టులో మొదలైన పెద్ద పరిశోధన పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని చూపింది. మట్టిలోను నీటిలోను ఉండే హాని చేయని క్రిములు, క్షయ క్రిమికి దాయాదుల వంటివి, మన ప్రాంతపు ప్రజల శరీరమునకు ముందే పరిచయమై ఉండుట ఇందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తారు. పసిపిల్లలను మెదడు పొరల క్షయవంటి ఘోర రూపములనుండి టీకా కాపాడుతుంది గనుక పుట్టగానే నేటికీ వేస్తున్నారు. తమకు అనుకూలము కాని ఫలితమును దాచిపెట్టక ప్రచురించిన ఆ ఆసుపత్రిని నేను గౌరవిస్తాను. మన మిషన్ నివేదికలలో ఓటమి ఎన్నిసార్లు కనబడింది?

మందులు కూడా అదే కాలములో వచ్చాయి. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్. 1956లో మద్రాసులో స్థాపించిన క్షయ చికిత్స కేంద్రము రోగులను రెండు గుంపులు చేసి ఒక గుంపును శానిటోరియములో మంచి తిండితో, విశ్రాంతితో ఉంచింది. రెండవ గుంపును ఇరుకైన ఇళ్లకే పంపి మందులు మాత్రము ఇచ్చింది. 1959లో వెల్లడించిన ఫలితములో రెండు గుంపులూ దాదాపు సమానముగా కోలుకున్నాయి. ఇంటివద్ద ఉన్న రోగులవలన కుటుంబములకు అదనపు అపాయము కూడా కనబడలేదు. సరిగా మందు మ్రింగే రోగి సాధారణముగా కొద్ది వారములలోనే ఇతరులకు అంటించుట మానుతాడు. శానిటోరియముల కాలము అక్కడితో ముగియసాగింది. ఆరోగ్యవరము మెడికల్ సెంటర్ నేడు అన్ని రోగములకు వైద్యము చేసే ఆసుపత్రి.

ఇక మన మందిరముల సంగతి. క్షయ గాలిలో వ్యాపిస్తుంది. గిన్నెవల్ల, గుడ్డవల్ల, కరచాలనమువల్ల కాదు. అయినా నేను సేవ చేసిన ఒక సంఘములో ప్రభు సంస్కారపు పాత్రను క్షయ ఉన్న సహోదరికి అందరికంటె చివర ఇవ్వాలని పెద్దలు పట్టుబట్టారు. నేను ఎదురు చెప్పలేదు. అదే సంఘములో నెలకొకసారి రాత్రంతా ప్రార్థన. చలి అని కిటికీలు మూసి, అరవైమంది ఒక గదిలో కూర్చుని తెల్లవారువరకు గొంతెత్తి పాడేవాళ్లము. దగ్గు వలెనే పాట కూడా క్రిమిని గాలిలోనికి వదులుతుంది. పాత్రకు భయపడ్డాము గాని మూసిన కిటికీకి భయపడలేదు.

2005 ప్రాంతములో పుంగనూరు అవతలి పల్లెలో ఒక యువకుడు బెంగళూరు కట్టడపు పని నుండి దగ్గుతో తిరిగి వచ్చాడు. ప్రభుత్వ మాత్రలు మొదలుపెట్టాడు, మేము ప్రార్థించాము. రెండు నెలలకు దగ్గు పోయింది, ఒళ్లు పట్టింది. ఆదివారము నిలబడి స్వస్థత సాక్ష్యము చెప్పాడు, సంఘమంతా స్తుతించింది. మాత్రలు ఇంకా మ్రింగుతున్నావా అని నేను అడగలేదు. అడిగితే అతని విశ్వాసమును శంకించినట్లవుతుందేమో అనుకున్నాను. నిద్రాణముగా మిగిలిన క్రిములు మరుసటి సంవత్సరము లేచాయి. అప్పటి పద్ధతిలో రెండవసారి చికిత్స ఎనిమిది నెలలు. మొదటి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు కూడా. ఈసారి వారానికి మూడు దినములు నేనే బండి మీద ఆరోగ్య ఉపకేంద్రమునకు తీసుకొని వెళ్లేవాడిని. మందులు పూర్తయిన దినమున సాక్ష్యము చెప్పమని అడిగితే, "ఇప్పుడొద్దయ్యగారూ, కఫము రిపోర్టు రానీయండి" అన్నాడు. రిపోర్టు వచ్చిన తరువాత చెప్పాడు. ఇప్పుడు అతనికి ఇద్దరు పిల్లలు. మందిరములో కిటికీలు తెరిచేది అతనే.