లాగ్‌బుక్ పోయిన విమానం

మా తాత పనిచేసింది బెంగుళూరు విమానాల ఫ్యాక్టరీలో. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సర్కారు సాయంతో పెట్టినదే అది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో చేరి, ఇన్‌స్పెక్టరుగా రిటైరైనాడు. ఇంట్లో ఎక్కువగా చెప్పుకునేది మాత్రం ఫ్యాక్టరీ బయట జరిగిన సంగతి.

ఫ్యాక్టరీలో తయారైన పుష్పక్ అనే రెండు సీట్ల చిన్న విమానాలు 1960ల్లో ఫ్లయింగ్ క్లబ్బుల్లో తిరుగుతుండేవి. అట్లాంటి ఒక క్లబ్బులో మా అవ్వ అన్నకొడుకు మెకానిక్కు. పని ఇప్పించింది తాతే. రాయకుండా పేరబెట్టిన ఎంట్రీలు ఇంట్లో కూర్చుని రాసుకుందామని ఇంజను లాగ్‌బుక్ తీసుకుని బయల్దేరి, సిటీ బస్సులో సంచీతో సహా పోగొట్టుకున్నాడు.

రాత్రి మా ఇంటికొచ్చి, "మామా, అంతా నా తలలో ఉంది. కొత్త బుక్కులో రాసిస్తా. నువ్వొక మాట చెబితే క్లబ్బువాళ్లు వింటారు" అన్నాడు.

తాత తిట్టలేదు, ఒప్పుకోలేదు కూడా. "ఏమప్పా, నీ తల చూసి పైలట్టు ఎగురుతాడా?" అన్నాడంట.

ఆయన పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. పనిలో చేరినప్పుడు ఆయన చేతికొచ్చినవి లిబరేటర్ బాంబర్లు. బ్రిటిష్‌వాళ్లు మళ్లీ ఎగరకుండా పాడుచేసి కాన్పూరులో వదిలిపోయినవి. ఫ్యాక్టరీ టెస్టు పైలట్ జంషెడ్ మున్షీ వాటిని బెంగుళూరికి ఎగరేసుకొస్తే, ఇక్కడ బాగుచేసి ఎయిర్‌ఫోర్సుకిచ్చారు. 1948 నవంబరులో 5వ స్క్వాడ్రన్ మొదలైంది వాటితోనే. అట్లా వదిలేసిన విమానంలో ఏ భాగాన్నైనా విప్పి చూస్తేగాని నమ్మేది లేదు.

మరుసటి రోజునుంచి ఇద్దరూ కూర్చున్నారు. పైలట్ల సొంత లాగ్‌బుక్కుల్లోనుంచి ఎగిరిన గంటలు ఎత్తి రాశారు. పెట్రోలు రిజిస్టరుతో సరిచూశారు. స్టోర్సు చీటీల్లో ఏ సామాను ఎప్పుడిచ్చారో వెతికారు. గంటలు దాదాపు కుదిరినాయి. ఒక సిలిండరు మార్చిన చీటీ మాత్రం దొరకలేదు. "నా చేతులతో మార్చినా మామా" అని వాడు ఏడ్చినంత పని చేశాడు.

తాత క్లబ్బువాళ్లకు చెప్పింది ఒకటే: ఇంజను దించి ఓవరాల్‌కి పంపండి. ఖర్చు పెద్దది, విమానం నెలల తరబడి షెడ్డులో పడింది, వీడి జీతంలో కోత పడింది. అవ్వ ఆ నెలంతా తాతతో సరిగ్గా మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే అవ్వదీ తప్పనలేను, ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు.

విప్పి చూస్తే సిలిండరు కొత్తదే, వాడు చెప్పినట్టే.

"చూసినావా!" అని అవ్వ దెప్పింది.

"సంతోషమే. ఇప్పుడది బుక్కులో ఉంది" అన్నాడు తాత.

అప్పుడు రాసుకున్న కాగితాలు మా ట్రంకుపెట్టెలో ఇంకా ఉన్నాయి. పేర్లు తెలుగులో, అంకెలు కన్నడలో. సిలిండరు వరసలో మాత్రం ఏమీ రాయలేదు.