నిలిపి ఉంచిన ఎంజైములు

1916లో అమెరికాలో నెల్సన్, గ్రిఫిన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు, చక్కెరను విడగొట్టు ఇన్వర్టేజు అను ఎంజైమును బొగ్గుపొడికి పట్టించి చూచిరి. బొగ్గును అంటుకొని, నీటిలో కరగక ఉండియు ఎంజైము తన పని మానలేదు. దీని విలువ పరిశ్రమలకు తెలియుటకు అర్ధశతాబ్దము పట్టినది.

జపానులో ఒసాకాకు చెందిన తనాబే సెయియాకు అను ఔషధ సంస్థ 1954 నుండి ఎంజైము సాయముతో అమైనో ఆమ్లములను తయారు చేయుచుండెను. రసాయన పద్ధతిలో చేసిన అమైనో ఆమ్లము ఎల్, డి అను రెండు రూపముల మిశ్రమము. ఇవి కుడిచేయి, ఎడమచేయివలె ఒకదాని కొకటి ప్రతిబింబములు. మన శరీరములోని ప్రోటీనుల కల్పనకు కావలసినది ఎల్ రూపమే. మిశ్రమమునకు ముందుగా ఎసిటైల్ సమూహమును తగిలించి, దానిపై అమైనో ఎసైలేజు అను ఎంజైమును ప్రయోగించినచో, అది ఎల్ రూపమునుండి మాత్రమే ఆ సమూహమును తొలగించును. పిమ్మట రెండింటిని వేరుచేయుట సులభము. ఈ ఎంజైము వచ్చినది మరెక్కడినుండియో కాదు. సోయా సాస్ చేయుటకు జపానువారు తరతరములుగా వాడుచున్న ఆస్పర్జిల్లస్ ఒరైజే అను బూజునుండియే.

చిక్కంతయు తరువాత వచ్చును. ద్రావణములో కలిసిపోయిన ఎంజైమును తొలగించుటకు ఆమ్లత్వమును మార్చి, వేడిచేయవలెను. ఇంకను పనిచేయగల ఎంజైము ప్రతిసారియు నాశనమగుచుండెను. పప్పు రుబ్బిన ప్రతిసారి రోలును పారవేయుట వంటిది ఇది!

ఇచిరో చిబాటా, ఆయన సహచరులు ఎంజైమును ఘనాధారములకు బంధించు పద్ధతులను సుమారు నలుబది పరీక్షించి, మూడింటిని మిగిల్చిరి. సెల్యులోజుకు గట్టి సమయోజనీయ బంధముతో కలుపుట ఒకటి. పాలీఎక్రిలమైడు అను కృత్రిమ జెల్ వలలో చిక్కించుట రెండవది. మూడవదానికి ఆధారము డెక్‌స్ట్రాను. చక్కెరపై పెరుగు కొన్ని బాక్టీరియములు తయారుచేయు ఈ పాలిమరు గొలుసులను అడ్డముగా కలిపి చిన్న పూసలు చేసి, వానికి ధనావేశము కల్పింతురు. ఋణావేశముగల ఎంజైము వానిని అంటిపెట్టుకొనును.

మూడింటిలో వారు ఎన్నుకొన్నది, ఆశ్చర్యముగా, ఈ వదులైన బంధమునే. 50 డిగ్రీల సెంటిగ్రేడువద్ద ఎంజైము పటుత్వము సగమగుటకు 65 దినములు పట్టెను. తగ్గిన పిమ్మట పూసలున్న గొట్టములో కొత్త ఎంజైము ద్రావణమును పోసిన చాలును, పూసలను మార్చనక్కరలేదు. గట్టి బంధమునకు ఈ సౌలభ్యము లేదు. 1969లో కర్మాగారములో ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో ఖర్చు పాతదానిలో సుమారు 60 శాతమునకు దిగినది. పరిశ్రమలో నిలిపి ఉంచిన ఎంజైమును వాడుట అదియే ప్రథమము.

1973లో వారే ఆస్పార్టిక్ ఆమ్లము కొరకు ఇ. కోలి కణములనే పాలీఎక్రిలమైడులో బంధించిరి. కాని ఆ జెల్ ఏర్పడునప్పుడు జరుగు రసాయన చర్య కొంత ఎంజైమును చెరచును. 1978లో దాని స్థానమున ఎర్రని సముద్రపు నాచునుండి తీసిన కారజీనను వచ్చినది. గోరువెచ్చని ద్రావణములో కణములను కలిపి చల్లార్చి, పొటాషియము లవణము తగిలించినచో అది గడ్డకట్టును. ఆ గడ్డను మరికొంత గట్టిపరచగా, 37 డిగ్రీలవద్ద పటుత్వము సగమగు కాలము 120 దినములనుండి 680 దినములకు పెరిగినది.