సముద్రపు నాచు గాయానికి కట్టు ఎలా అయింది?

పుండు పడితే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట ఏంటి? "కట్టు విప్పండి, గాలి తగిలితే ఎండిపోతుంది" అని. 1960ల దాకా డాక్టర్లలో కూడా చాలామంది ఇదే నమ్మేవాళ్లు. ఆ నమ్మకం మారిన కథలో సముద్రపు నాచుకి పెద్ద పాత్రే ఉంది.

ముందు స్కాట్లండ్ పడమటి దీవులకి వెళ్దాం. 18వ శతాబ్దం చివర్లో అక్కడి పేద రైతులు గోధుమరంగు నాచుని కోసి, ఎండబెట్టి, కాల్చి బూడిద చేసేవాళ్లు. గాజుకీ సబ్బుకీ కావలసిన సోడా అందులోంచే వచ్చేది. లాభం భూస్వాములది, చాకిరీ వీళ్లది. నెపోలియన్ యుద్ధాలు అయిపోయాక బయటి సోడా చవగ్గా దిగింది. బూడిద ధర కూలిపోయింది, ఎన్నో కుటుంబాలు దీవులు వదిలి వెళ్లిపోయాయి.

ఆ తర్వాత ఈ బూడిదని ఎక్కువగా అయోడిన్ కోసమే కొనేవాళ్లు. అయితే కాల్చడం వల్ల నాచులో ఉన్న సరుకు చాలావరకు వృథా అవుతోందని బ్రిటిష్ కెమిస్ట్ ఇ.సి.సి. స్టాన్‌ఫర్డ్ గమనించాడు. నాచుని కాల్చకుండా సోడా నీళ్లలో నానబెడితే బంకలాంటి పదార్థం వచ్చింది. 1881లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. అదే ఆల్జినేట్‌కి మూలం. మొదట్లో దానికి పెద్దగా గిరాకీ లేదు. 1929లో అమెరికాలోని శాన్‌డియాగోలో వ్యాపారస్థాయిలో తయారీ మొదలైంది.

1962లో జార్జ్ వింటర్ పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేశాడు, కొన్నిటికి పాలిథీన్ కప్పాడు. తడిగా ఉన్న గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో వచ్చింది. అంటే పక్కు కట్టడం మేలు కాదన్నమాట!

ఇక్కడే ఆల్జినేట్ అక్కరకొచ్చింది. కాల్షియం ఆల్జినేట్ దారం నీళ్లలో కరగదు. కానీ పుండు రసిలో సోడియం ఉంటుంది కదా, అది కాల్షియం స్థానంలోకి వస్తుంది. దాంతో దారం రసిని పీల్చుకుని మెత్తటి జెల్ అవుతుంది. 1980ల్లో ఈ డ్రెస్సింగులు మార్కెట్లోకి వచ్చాయి. ఆ జెల్‌లో మందు పెడితే ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా బయటికొస్తుంది. వెండి కలిపిన డ్రెస్సింగుల వెనక ఉన్న ఆలోచన ఇదే.

అయితే ఒక్క మాట. షుగర్ వాళ్ల కాలిపుండ్లు మామూలు డ్రెస్సింగుల కంటే ఆల్జినేట్‌తో బాగా మానతాయని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. రసి లేని పొడి పుండుకి ఇది పనికిరాదు, అంటుకుపోతుంది. కాబట్టి ఖరీదైన కట్టు కొనే ముందు కాలికి రక్తం సరిగ్గా అందుతోందా, పుండు మీద బరువు పడుతోందా అని డాక్టర్ని అడగండి.

ఇంకోటి. మన తమిళనాడులో మన్నార్ సింధుశాఖ తీరాన ఆడవాళ్లు సముద్రంలో మునిగి ఈ జాతి నాచు కోసి, ఆల్జినేట్ తయారీకి అమ్ముతున్నారు. నాచు మళ్లీ పెరిగేలా కోయాలి, కోసినవాళ్లకి గిట్టుబాటు కావాలి. అప్పుడే ఇది "పర్యావరణహితం" అనే మాటకి అర్థం. స్కాట్లండ్ దీవుల్లో జరిగింది మళ్లీ జరగకూడదు కదా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.