నల్లరాయి, నీడ, పదునాలుగు బిట్లు

"ఛాయ" అన్న శబ్దానికి అమరసింహుడు చెప్పిన నానార్థాలలో సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబం, నీడ అనేవి ఉన్నవి. వెలుగునూ నీడనూ ఒకే మాట చెప్పడం మొదట వింతగా తోస్తుంది గాని, ఛాయాచిత్రమనే సమాసానికి ఇంతకన్న తగిన పూర్వపదం దొరకదు. ఎండ పడినచోట ఏ కెమెరా అయినా నిజమే చెబుతుంది. నీడలో ఏమి చెబుతుందో చూచినప్పుడే దాని సత్యసంధత తెలుస్తుంది.

ఈ విచారం నాకు కలుగడానికి కారణం మా ఓరుగల్లు నల్లరాయి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుని శాసనం శక సంవత్సరం 1084, అనగా క్రీ.శ. 1163 నాటిది. అచింతేంద్రుడు రచించిన ఈ సంస్కృత శాసనాన్ని 1882లో ఫ్లీట్ దొర "ఇండియన్ ఆంటిక్వెరీ"లో ప్రకటించాడు. కాకతీయులు చాళుక్యుల సామంతత్వాన్ని వదలి స్వతంత్రులైన వృత్తాంతానికి చరిత్రకారులు ప్రధానంగా ఆశ్రయించేది దీనినే. ఆ తరువాత నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీ గారిని దానికి అధిపతిని చేసింది. 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి "తెలంగాణా శాసనములు" అచ్చువేయించింది.

ఆ పెద్దలు శాసనాలకు నకలు తీసిన పద్ధతి మన పిల్లలు తెలుసుకోదగినది. రాతిని శుభ్రంగా కడిగి, తడిపిన కాగితాన్ని దానిపై పరచి, కుచ్చుతో మెల్లగా కొట్టుతారు. కాగితం అక్షరాల గుంటలలోనికి దిగుతుంది. పైన సిరా అద్దితే రాతి మట్టం నల్లగానూ, అక్షరం తెల్లగానూ తేలుతుంది. ఇందులో సిరా అంటినదీ, అంటనిదీ అని రెండే స్థితులు. నేటి కంప్యూటరు పరిభాషలో చెప్పాలంటే అది ఇంచుమించు ఒక్క బిట్టు చిత్రం. అయినా ఆ నకళ్ల మీద ఆధారపడి మన చరిత్ర నిలిచింది. ఎందుకు నిలిచింది? పరిష్కర్త సందేహాస్పదమైన అక్షరాన్ని కుండలీకరణంలో ఉంచాడు; శిథిలమైన చోట చుక్కలు పెట్టాడు. తాను చూచినదేదో, ఊహించినదేదో చదువరికి విడదీసి చూపాడు.

ఇప్పుడు కెమెరాల సంగతికి వద్దాము. కెమెరా గ్రహించిన కాంతిని వండకుండా పచ్చిగా దాచిన దస్త్రానికి "రా ఫైలు" అని పేరు. ఒక్కొక్క చుక్క వెలుగును ఎన్ని అంతరువులుగా కొలిచారో చెప్పేది బిట్ల సంఖ్య. 8 బిట్లకు 256 అంతరువులు, 12 బిట్లకు 4,096, 14 బిట్లకు 16,384. మామూలు జేపెగ్ చిత్రంలో ఒక్కొక్క రంగుకు ఉండేది 8 బిట్లే.

ఇక్కడొక సూక్ష్మమున్నది. కెమెరా ఫలకం కాంతిని ఉన్నదున్నట్లు లెక్కిస్తుంది గనుక, అన్నిటికన్న ప్రకాశవంతమైన మొదటి మెట్టు మొత్తం అంతరువులలో సగాన్ని తీసుకొంటుంది. కాంతి సగానికి తగ్గిన రెండవ మెట్టుకు మిగిలినదానిలో సగం. ఇట్లు దిగగా దిగగా ఎనిమిదవ మెట్టుకు 14 బిట్లలో 64 అంతరువులు, 12 బిట్లలో 16 మాత్రమే దక్కుతాయి. గుడి వెలుపలి ఆకాశం, లోపలి నల్లరాయి ఒకే చిత్రంలో పడితే, శాసనాక్షరాలు నివసించేది ఈ అట్టడుగు మెట్లమీదనే. చాలినన్ని అంతరువులు లేని నీడను సాఫ్ట్‌వేరుతో బలవంతంగా వెలిగిస్తే నునుపైన రాయి మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఆ విరుపు ఒక్కొక్కప్పుడు గీతవలె భ్రమ గొలుపుతుంది. నేటి లిపిలో సైతం "ప", "వ"ల మధ్య భేదం తలకట్టు కలిసినదా, విడిపోయినదా అన్నంతే గదా! ఒక గీత పుట్టినా, చచ్చినా ఒక ఊరి పేరు మారిపోతుంది.

అయితే బిట్లు పెంచినంత మాత్రాన సత్యం పెరుగదు. సోలెడు బియ్యాన్ని కుంచంలో పోసినంతనే కుంచెడు కావు. 8 బిట్ల చిత్రాన్ని 16 బిట్లుగా మార్చి దాచినా, పోయిన నీడ తిరిగి రాదు. ఫలకంలో పుట్టే రణగొణ ఎక్కువగా ఉంటే 14 బిట్లలో చివరివి ఆ రణగొణనే కొలుస్తాయి.

కొలపాత్ర మీద రాసిన అంకె సైతం అన్నివేళలా యథార్థం కాదు. ఫోటోషాప్‌లో "16 బిట్లు" అన్నచోట నిజంగా ఉండేవి 65,536 అంతరువులు కావు. 0 నుండి 32,768 వరకు, అనగా 15 బిట్లకు ఒకటి ఎక్కువ. సోనీ కెమెరాలు 14 బిట్ల రా అని చెప్పి, పదహారేసి చుక్కల గుంపులుగా కుదించి, కొంత సమాచారాన్ని విడిచిపెట్టేవి. వెలుగూ చీకటీ ఒరసుకొనే అంచుల వద్ద ఆ లోపం కనబడేది. వినియోగదారులు పదేపదే అడుగగా 2015లో ఆ సంస్థ కుదింపు లేని రాను ఇచ్చింది. ఇటువంటివి బయటపడడానికి డేవ్ కాఫిన్ 1997లో మొదలుపెట్టి అందరికీ మూలంతో సహా పంచిన "డీసీరా" వంటి ఉపకరణాలు ఎంతో తోడ్పడ్డాయి. పెట్టె మూత తెరిచి చూడనిస్తేనే అందులో ఏమున్నదో తెలుస్తుంది.

రా సంస్కరణలో నాకు నచ్చిన ధర్మమొకటి ఉన్నది. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్, రాథెరపీ వంటివి మూలాన్ని ముట్టవు. చేసిన మార్పులను వేరుగా రాసి పెట్టుకొంటాయి. మూలం మూలమే, వ్యాఖ్య వ్యాఖ్యే. మన మెదకు సీమకు చెందిన కొలచల మల్లినాథసూరి, మూలంలో లేనిదేదీ రాయనని వ్యాఖ్యానారంభంలో ప్రతిజ్ఞ చేశాడు. ఆ మాటకు కట్టుబడినంత కాలం సాఫ్ట్‌వేరు కూడా వ్యాఖ్యాతయే.

నేడు ఆ కట్టు సడలుతున్నది. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీ తుదికి ముందరి వంతులోని చిత్రాలను మూల దస్త్రాలతో పోల్చి, ఇంచుమించు ఐదవ వంతు చిత్రాలను తొలగించింది. లైట్‌రూమ్‌లోకి 2023లో కృత్రిమ మేధతో రణగొణ తుడిచే సాధనం, 2024లో తొలగించిన చోటును కొత్తగా సృష్టించి నింపే సాధనం వచ్చాయి. పెండ్లి చిత్రానికి ఇవి ముచ్చటే. శాసనానికి మాత్రం ప్రమాదం: యంత్రం తాను లక్షల చిత్రాలలో చూచిన పోలికను బట్టి అరిగిన అక్షరాన్ని నునుపుగా పూరిస్తుంది. కుండలీకరణం మాత్రం పెట్టదు.

రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన పిమ్మట కెమెరాలు పట్టుకొని వచ్చే యువకులు పెరిగారు. సంతోషం. వారికి నా విన్నపం ఇంతే. శాసనాన్ని రాలోనే తీయండి. ఆకాశాన్ని చిత్రంలోనికి రానీయక, వెలుగును రాతికి సరిపోయేట్లు నిలుపుకొనండి. పచ్చి దస్త్రాన్ని చెరపకండి. చిత్రాన్ని పంచుకొనేటప్పుడు ఏయే మార్పులు చేశారో కింద రెండు పంక్తులు రాయండి. రేపు ఆ రాయి అరిగిపోయిన నాడు, ఆ రెండు పంక్తులే పరిశోధకునికి కుండలీకరణం.