డీజే అంటే బాక్సా, మనిషా?

ఇవాళ మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ రోడ్ల మీద రోజూ వినిపించే ఒక కళ చరిత్ర మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట గమనించండి. మన దగ్గర "పెళ్లికి డీజే పెట్టారా?" అని అడుగుతాం. "డీజే ఎవరు?" అని అడగం. 2022లో వచ్చిన 'డీజే టిల్లు'లో రామ్ మిరియాల పాట పేరు కూడా 'టిల్లు అన్న డీజే పెడితే'. అంటే మనకు డీజే అనేది పెట్టేది. బాక్సులు, లైట్లు, బండి. నిజానికి ఆ మాటకు మూలం డిస్క్ జాకీ, అంటే రికార్డులు నడిపే మనిషి. మన వీధిలోకి వచ్చేసరికి మనిషి జారిపోయాడు, బాక్సు మిగిలింది.

ఇంతకీ ఆ మనిషి చేసే పనేంటి? వినాయక నిమజ్జనం రోజుల్లో సరూర్‌నగర్ చెరువు వైపు వెళ్లే బండ్లు చూడండి. లాప్‌టాప్ ముందు ఒకడు నిలబడి ఉంటాడు. సినిమా పాటలో చరణం తీసేసి, పల్లవి ఉంచి, కింద తీన్మార్ దరువు వేస్తాడు. నిమిషానికి ఎన్ని బీట్లో లెక్క చూసి రెండో పాట కలుపుతాడు. ఆ లెక్క తప్పితే జనం కాళ్లు ఆగిపోతాయి. హీరో డైలాగ్‌ని ఒక బటన్ మీద పెట్టుకుని, జనం ఊపు మీదున్న క్షణం చూసి నొక్కుతాడు. బండికి ఎల్ఈడీ స్క్రీన్ ఉంటే, సినిమా క్లిప్పు కూడా అదే దరువుకి పడాలి. ఇదంతా ఎదురుగా ఉన్న జనాన్ని చూస్తూ, అప్పటికప్పుడు చేసే పని.

ఇది కొత్తగా వచ్చిందనుకుంటాం. కానీ బొమ్మనీ పాటనీ జనం ముందు కలపడం మనకి వందేళ్ల పైబడిన సంగతి. బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో మద్రాసులో క్రోనోమెగాఫోన్ అనే యంత్రంతో చిన్న సినిమాలు వేశారు. బొమ్మ ఫిల్మ్ మీద, శబ్దం వేరే డిస్క్ మీద ఉండేవి. రెండూ ఒకేసారి నడవాలి. తెలుగులో టాకీ రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది.

ఇక దరువు సంగతి. హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో ముందు మోగింది మర్ఫా. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికన్, అరబ్ సైనికుల కుటుంబాలు దాన్ని ఇక్కడ నిలబెట్టాయి. తీన్మార్ అంటే మూడు దెబ్బలు. చేత్తో కొట్టిన ఆ దెబ్బే తర్వాత లాప్‌టాప్‌లో ఫైల్ అయింది.

ప్రపంచం వైపు కూడా ఒకసారి చూద్దాం. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, ఒక అపార్ట్‌మెంట్ పార్టీలో కూల్ హెర్క్ పాటల్లోని దరువు ముక్కల్ని సాగదీసి వాయించాడు. హిప్ హాప్ పుట్టినరోజుగా ఆ తారీఖునే చెప్పుకుంటారు. 2004లో డీజే స్పూకీ 1915 నాటి 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' సినిమాని స్టేజి మీద లైవ్‌గా రీమిక్స్ చేశాడు. నల్లవాళ్లని కించపరిచిన సినిమాని ఒక నల్లజాతి కళాకారుడు తిరగరాసి చూపించడమది. ఈ రెండు చోట్లా పేరుంది, తారీఖుంది.

మరి మన దగ్గర? ఎల్బీ నగర్ చౌరస్తా అంటే విజయవాడ హైవే సిటీలోకి దిగే చోటు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చే పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో చేరతారు. ఊరి జానపదం వాళ్లతో పాటే బస్సు దిగుతుంది. ఇటు చూస్తే కోణార్క్, వెంకటాద్రి లాంటి థియేటర్లతో పేరుబడిన ఏరియా. జానపదం, సినిమా ఒకే రోడ్డు మీద కలిస్తే రీమిక్స్ పుట్టక ఏమవుతుంది?

1988 నాటి 'ఖైదీ నంబర్ 786' పాటని 2015లో 'సుబ్రమణ్యం ఫర్ సేల్'లో రీమిక్స్ చేస్తే ఆ సినిమాకి సంగీత దర్శకుడి పేరు పడింది. అదే పనిని వీధిలో చేసినవాడికి టైటిల్ కార్డు లేదు.

చట్టం ఏమంటోంది? 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపుల్లో పాటలు, సౌండ్ రికార్డింగులు వినిపించడం ఉల్లంఘన కాదు. కానీ ఆ క్లాజ్‌లో సినిమా దృశ్యం ప్రస్తావన లేదు. పైగా ఆ మినహాయింపు వేడుక వరకే. అదే మిక్స్ యూట్యూబ్‌లో పెడితే క్లెయిమ్ పడొచ్చు, వీడియో పోవచ్చు. రాత్రి వేలమంది ఆడిన మిక్స్ తెల్లారేసరికి ఎక్కడా ఉండదు.

రెండో దెబ్బ శబ్దం వైపు నుంచి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్స్‌ని నిషేధించారు. అప్పటికి చైతన్యపురి, ఎల్బీ నగర్ స్టేషన్లు రాచకొండ కమిషనరేట్ కింద ఉన్నాయి. అంటే దిల్‌సుఖ్‌నగర్ దాటితే పోలీస్ హద్దు మారేది.

నిషేధం వెనకున్న బాధ నిజమే. గుండె జబ్బున్న పెద్దాయన కిటికీ అదిరిపోతుంటే "ఇది కళ, భరించండి" అని నేను చెప్పలేను. రేపు ఎగ్జామ్ ఉన్న హాస్టల్ పిల్లలకీ చెప్పలేను. డెసిబెల్స్ తగ్గాల్సిందే. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. హద్దు పెట్టాల్సింది బాక్సుకి. మనం బాక్సునే డీజే అంటున్నాం కాబట్టి, బాక్సు మీది కోపం మనిషి మీద పడుతోంది. సౌండ్ తగ్గించినా ఆ మనిషి పనితనం తగ్గదు.

అందుకే నాదొక రిక్వెస్ట్. ఈసారి బరాత్‌లో వీడియో తీస్తే, మిక్స్ చేసినవాళ్ల దగ్గరికెళ్లి "అన్నా, నీ పేరు రాయొచ్చా?" అని అడగండి. ఒప్పుకుంటే క్యాప్షన్‌లో పేరు, తారీఖు, కాలనీ రాయండి. మన వీధి సంగీతం చరిత్ర రాసే పుస్తకం ఇంకా లేదు. మీ చేతిలో ఉన్న ఫోనే ఆ పుస్తకం.