కేట్ గారి బల్ల మీదుగా వెళ్లిన థీసిస్‌లు

పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లి వాపోయింది గుర్తుందా? పనిచేస్తూనే బీఎస్‌ఎన్ చదువుతోంది. పేపర్‌లో విషయమంతా సరిగ్గానే రాసిందట, ఏపీఏ ఫార్మాట్ తప్పిందని మార్కులు కోసేశారట. "ఇన్నేళ్లు ఐసీయూలో చేసి వచ్చాను, ఇప్పుడు కామా ఎక్కడ పెట్టాలో నేర్పిస్తున్నారక్కా" అంది. అందరం నవ్వుకున్నాం. ఆ తర్వాత నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అసలీ నియమాలు ఎవరు పెట్టారు అని వెతుకుతూ పోతే కేట్ టురేబియన్ గారు తగిలారు. ఆవిడ గురించి మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

కేట్ గారు 1893లో షికాగోలో పుట్టారు. హైస్కూలు అయ్యాక పెద్ద జబ్బు చేయడంతో కాలేజీకి వెళ్లలేకపోయారు. టైపిస్టుగా ఉద్యోగంలో చేరారు. 1919లో స్టీఫెన్ టురేబియన్‌ని పెళ్లి చేసుకున్నారు. ఆర్మేనియన్ల ఇంటిపేరు అలా వచ్చింది. 1925లో షికాగో యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంటుకి సెక్రటరీ అయ్యారు. 1930లో యూనివర్సిటీ వాళ్లు ఒక కొత్త ఉద్యోగం పెట్టారు, పేరు డిసర్టేషన్ సెక్రటరీ. దాంట్లో ఈవిడని కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచి 1958లో రిటైరయ్యేదాకా, దాదాపు 28 ఏళ్లు, ఆ యూనివర్సిటీలో పీహెచ్‌డీ కోసం రాసిన థీసిస్ ఆవిడ బల్ల దాటకుండా బయటికి వెళ్లలేదు. గైడ్ ఒప్పుకున్నాడు, కమిటీ ఒప్పుకుంది, అయినా సరే, కేట్ గారు "ఊఁ" అనాలి. కాలేజీ గడప తొక్కని ఆవిడ!

ఆ రోజుల్లో థీసిస్ అంటే ఏంటో ఒకసారి ఊహించుకోండి. టైప్‌రైటర్, మధ్యలో కార్బన్ పేపర్లు, కింద రెండు మూడు కాపీలు. ఒక అక్షరం తప్పు పడితే అన్ని కాపీల మీదా దిద్దాలి. ఇటాలిక్స్ ఉండవు, వాటి బదులు గీత కొట్టాలి. అన్నిటికన్నా కష్టం ఫుట్‌నోట్. ఆ పేజీలో చెప్పిన మాటకి ఆధారం ఆ పేజీ అడుగునే రావాలి కదా, అందుకని కింద ఎన్ని లైన్లు వదలాలో టైపు మొదలుపెట్టకముందే లెక్కేసుకోవాలి. గైడ్ గారు చివర్లో "ఇక్కడ ఇంకో ఆధారం చేర్చు" అన్నారంటే ఆ పేజీ మళ్లీ మొదటికి. ఒక్కోసారి అధ్యాయం మొత్తం మళ్లీ టైపు కొట్టాలి. ఎడమ పక్క అంచు తక్కువైతే బైండింగ్‌లో అక్షరాలు లోపలికి పోతాయి. అంచుల గురించి అంత పట్టుదల ఊరికే రాలేదు.

యూనివర్సిటీ ప్రెస్ దగ్గర 1906 నుంచే స్టైల్ మాన్యువల్ ఉంది. కానీ అది అచ్చు వేసేవాళ్ల కోసం రాసిన లావుపాటి పుస్తకం. అర్ధరాత్రి టైప్‌రైటర్ ముందు కూర్చున్న విద్యార్థికి దాంతో పనెక్కడ జరుగుతుంది? అందుకని 1937లో కేట్ గారు వాళ్లకి కావలసినంత మటుకు తీసి, ఒక చిన్న పుస్తకంగా రాసిచ్చారు. తర్వాత ప్రెస్ వాళ్లే దాన్ని వేశారు. ఇప్పటికి 90 లక్షల కాపీలకు పైగా అమ్ముడయ్యాయని వాళ్ల లెక్క. "టురేబియన్" అంటే ఒక మనిషి అని కూడా చాలామందికి తెలీదు, ఒక పద్ధతి పేరనుకుంటారు. (అన్నట్టు, మన చెల్లిని ఏడిపించిన ఏపీఏ 1929లో ఒక సైకాలజీ పత్రికలో ఏడు పేజీల వ్యాసంగా మొదలైంది. ఇప్పుడు పుస్తకం చూస్తే ఇటుకంత ఉంది!)

ఇక్కడ నాకు గుచ్చుకున్న సంగతి ఇంకోటి ఉంది. ఆ థీసిస్‌లన్నీ కేట్ గారి బల్ల దాకా ఎలా వచ్చాయి? చాలావాటిని ఇంట్లో భార్యలే టైపు కొట్టారు. 2017లో బ్రూస్ హోల్సింగర్ అనే ప్రొఫెసర్ పాత పుస్తకాల్లోని కృతజ్ఞతల పేజీలు వెతికి ట్విట్టర్‌లో పెట్టడం మొదలుపెట్టారు. పేజీ తర్వాత పేజీ అదే వరస. గైడ్‌కి పేరుంది, లైబ్రేరియన్‌కి పేరుంది, డబ్బిచ్చిన సంస్థకి పేరుంది. చివరి లైన్లో మాత్రం "టైపు చేసిన నా భార్యకి". పేరు లేదు. కొందరైతే టైపు చేయడమే కాదు, వాక్యాలు దిద్దారు, తేదీలు సరిచూశారు, పాత దస్తావేజుల నుంచి చేత్తో ఎత్తి రాశారు. ఇదంతా వాళ్ల భర్తలే రాసుకున్నారు, పేరొక్కటే మర్చిపోయారు.

కేట్ గారు చేసింది కూడా దాదాపు అదే రకం పని. కాకపోతే ఆవిడకి జీతం, కుర్చీ, పుస్తకం అట్ట మీద పేరు దక్కాయి. "నేనేం చేశానక్కా, స్పెల్లింగులు చూశానంతే" అని మనలో ఎంతమంది అనలేదు? దిద్దడమంటే స్పెల్లింగులు చూడటం ఒక్కటే కాదు. చదివేవాళ్లు ఎక్కడ తడబడతారో వాళ్లకంటే ముందు మనం తడబడి చూడటం.

కేట్ గారు 1987లో పోయారు. 2007లో వచ్చిన ఏడో ఎడిషన్‌ని బూత్, కొలంబ్, విలియమ్స్ అనే ముగ్గురు తిరగరాశారు. పరిశోధన ఎలా చేయాలి, స్పష్టంగా ఎలా రాయాలి అన్న భాగాలు కలిపారు. వీళ్లలో విలియమ్స్ గారు జీవితమంతా చెప్పింది ఒకటే: పని చేసినవాళ్లని కర్తగా పెట్టు, చేసిన పనిని క్రియగా పెట్టు. ఇంగ్లీషు సంగతి సరే, మన తెలుగులో చూడండి. "రోగుల పరిశీలన జరపడం జరిగింది" అని రాస్తాం. ఎవరు జరిపారు? "మేం రోగుల్ని చూశాం" అంటే మూడు మాటల్లో తేలిపోతుంది, చూసిందెవరో కూడా తెలుస్తుంది. నా దృష్టిలో కామాల కన్నా మన చెల్లికి ఎక్కువ పనికొచ్చేది ఇది. ఫార్మాట్ సరిచేయడానికి ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉంది. ఎవరు చేశారో చెప్పకుండా దాటేసే వాక్యాన్ని అది పట్టుకుంటుందని నాకు నమ్మకం లేదు.

తొమ్మిదో ఎడిషన్ 2018లో వచ్చింది. అట్ట మీద మొదటి పేరు ఇంకా కేట్ గారిదే.

మీ ఇంట్లో అటక మీదో గరాజ్‌లో డబ్బాలోనో ఆయనదో, మీ నాన్నగారిదో, మావగారిదో పాత థీసిస్ ఉంటే తీసి చూడండి. కృతజ్ఞతల పేజీలో చివరి లైను చదివి, టైపు కొట్టిందెవరో పెద్దవాళ్లని అడగండి. పేరు తెలిస్తే గ్రూపులో రాయండి, వచ్చే సంచికలో వేద్దాం.