కాలేయంలో రెండు వైరస్‌ల రాత
తెలుగు పల్లెల్లో ఎక్కడైనా కళ్లు పచ్చబడితే చాలామందికి ముందు గుర్తొచ్చేది పసరు మందు. పసరుకు వాడే నేల ఉసిరికి వైద్య చరిత్రలోనూ చోటుంది. హెపటైటిస్ బి పరిశోధనకు 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లూంబర్గ్, మద్రాసు వైద్యులతో కలిసి ఆ మొక్కను పరీక్షించారు. మందు తిన్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు పోయిందని 1988లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. కామెర్లలో చాలా రకాలు వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు దక్కుతుంది. హెపటైటిస్ బి, సి వైరస్‌లు అన్నిసార్లూ అలా కావు. పచ్చదనం కనపడనీయకుండానే ఏళ్ల తరబడి కాలేయంలో తిష్ఠ వేయగలవు.

బి వైరస్ ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు 223 రెట్లు ఎక్కువని 1981లో తైవాన్‌లో 22,707 మంది పురుషులపై చేసిన అధ్యయనం తేల్చింది. సి వైరస్ 1989లో గానీ దొరకలేదు. రెండూ ఒకే క్యాన్సర్‌కు దారితీస్తుంటే, దారి కూడా ఒకటేనా?

వేల జన్యువుల్లో ఏది పనిచేస్తోందో, ఏది మౌనంగా ఉందో ఒక్కసారిగా చూపే మైక్రోఅర్రేలు వచ్చాకే జవాబు దొరికింది. 2002లో జపాన్ పరిశోధకులు 45 కణితులను పోల్చారు. సి వైరస్ కణితుల్లో రోగనిరోధక జన్యువులు, వైరస్‌పై పోరుకు శరీరం వాడే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ ప్రేరేపించేవి, చురుగ్గా ఉన్నాయి. అది ఏళ్ల వాపు మిగిల్చిన జాడ. బి వైరస్ కణితుల్లోనేమో గర్భస్థ శిశువు కాలేయంలో పనిచేసి, పుట్టాక సద్దుమణిగే హెచ్19, ఐజీఎఫ్2 జన్యువులు మళ్లీ మేల్కొన్నాయి. బి వైరస్ తన డీఎన్ఏను మన డీఎన్ఏలోనే అతికిస్తుందని 1980లోనే తెలుసు. కణాన్ని అలసిపోకుండా విభజింపజేసే టెర్ట్ జన్యువు దగ్గర ఆ అతుకులు పదేపదే పడుతున్నాయని 2012లో జన్యుపటాలు చూపాయి.

అతుకు పడ్డాక దాన్ని ఊడదీసే మందు లేదు. అందుకే హైదరాబాద్ టీకా కథ నాకు ఇందులో అతిముఖ్యం. విదేశీ టీకా సామాన్యుడికి అందని రోజుల్లో, వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి తెచ్చింది. వైరస్ జన్యువు ఒకదాన్ని ఈస్ట్‌లో చేర్చి తయారుచేసిన టీకా అది. 2011లో హెపటైటిస్ బి టీకా ప్రభుత్వ కార్యక్రమంగా దేశమంతటా విస్తరించింది. పుట్టిన 24 గంటల్లో మొదటి డోసు పడాలి.

సి వైరస్‌కు టీకా లేదు. ఇప్పుడు పన్నెండు వారాల మాత్రలతో చాలామందికి నయమవుతుంది. కానీ అప్పటికే కాలేయం గట్టిపడినవారికి వైరస్ పోయాకా ముప్పు పూర్తిగా పోదు. వారు ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకోవాలి.